పిసినారి గెలాక్సీ

సంచీలో నేను పెట్టినవి చుక్కమ్మ బయటికి తీస్తోంది. ఆమె తీసినవి నేను మళ్ళీ లోపల పెడుతున్నాను. రెండో స్వెట్టరు అప్పటికి మూడుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది.

"వెళ్తున్నది మూడు రాత్రులకి వదినా, మూడేళ్ళకి కాదు."

"రెండు రోజులకని వెళ్ళినవాళ్ళని కూడా చూశాను," అన్నాను.

దాంతో ఆమె స్వెట్టరు జోలికి రాలేదు. మా ఆయన రెండు రోజుల పని మీద వెళ్ళి రైల్లోనే పోయారు. ఆ సంచీ ఆయనే సర్దుకున్నారు. అప్పట్నుంచీ మా గడప ఎవరు దాటినా సంచీ సర్దేది నేనే. దానికీ దీనికీ సంబంధం లేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చేతులు ఊరుకోవు కదా.

చుక్కమ్మ మా ఆయన చెల్లెలు. చిన్నప్పుడు మేడ మీద పడుకుని చుక్కలు లెక్కపెడుతూ నిద్రపోయేదని ఆయన పెట్టిన పేరు అది. ఇప్పుడు యాభై ఆరేళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదంటే "గుర్తు రాలేదు" అంటుంది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏడాదికోసారి కొండ మీద టెలిస్కోపు దగ్గర ఆమెకి మూడు రాత్రులు ఇస్తారు. మిగతా మూడువందల అరవై రెండు రాత్రులూ ఆ మూడింటి గురించే మాట్లాడుతుంది. వినేదాన్ని నేనొక్కదాన్నే.

నాకు మూడో తరగతితో బడి సరి. ఆ తరవాత పొట్లం కాగితాలతో మొదలుపెట్టి, ఇంట్లో అచ్చు కనబడ్డ ప్రతిదీ చదివాను. చుక్కమ్మ అలమార కూడా రెండుసార్లు పూర్తిచేశాను. అందుకే మా భోజనాల దగ్గర పోట్లాటలన్నీ గెలాక్సీల మీదే.

"ఆక్సిజన్ లోహమేమిటి?" అని ఒక ఏడాదంతా అడిగాను.

"మా లెక్కలో హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ లోహాలే వదినా."

"అయితే నేను పీల్చేది ఇనప సామానన్నమాట."

"ఇంచుమించు."

"ఇన్ని చదువులు చదివి, మిగిలిన సరుకంతటికీ ఒకటే చీటీ అంటించారా? నా వంటింట్లో డబ్బాలకి ఇలా చేసుంటే మీ అన్నయ్య టీలో ఉప్పేసుకునేవారు."

ఆమె పని ఏమిటో చెప్పడం కష్టం కాదు. నక్షత్రాలు తమ కడుపులో ఆక్సిజనూ ఇనుమూ లాంటివి వండుతాయి. పేలిపోయేటప్పుడు ఆ వండినదంతా బయటికి విసురుతాయి. గెలాక్సీ పెద్దదైతే దానికి బరువుంటుంది, పట్టుంటుంది, విసిరినదాన్ని వెనక్కి లాక్కుంటుంది. చిన్నదైతే ఆ పట్టు లేదు. గాలి లేచిందంటే ఇంట్లో సరుకంతా వాకిలి దాటిపోతుంది, తిరిగి రాదు. కాబట్టి బరువు పెరిగినకొద్దీ లోహం పెరగాలి. చుక్కమ్మ ఎంతో దూరాన ఉన్న రెండువందల నలభై గెలాక్సీల బరువు పాత ఫొటోల్లోంచీ, లోహం కొండ మీద టెలిస్కోపుతోనూ కొలిచి, ఒక్కొక్కదానికి ఒక చుక్క పెట్టి, ఆ చుక్కల మీదుగా గీత గీసింది. కింద నుంచి పైకి చక్కగా ఎక్కిన గీత.

రెండువందల ముప్పై ఎనిమిది గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. రెండు కూర్చోలేదు. ఒకటి చిట్టి గెలాక్సీ, దాని నిండా లోహం. పేలినదేదీ గడప దాటనివ్వలేదు. దానికి మేం పిసినారి అని పేరు పెట్టాం. రెండోది దాని పక్కనే, అదే గుంపులో, అంతే దూరంలో ఉన్న భారీ గెలాక్సీ. చేతిలో చిల్లిగవ్వ లేదు. అది దుబారా దొర. దొరగారి సంగతి చుక్కమ్మకి పట్టలేదు. ఎక్కడి నుంచో కొత్త గాలి వచ్చిపడి లోహాన్ని పలచన చేసుంటుందని ఒక్క వాక్యంలో సరిపెట్టింది. ఆమె ప్రాణమంతా పిసినారి మీదే. చిన్న ఇల్లయినా ఎవర్నీ పోనివ్వకుండా ఉండగలదని చెప్పే సాక్ష్యం అదొక్కటే. నాకూ దాని మీద ప్రేమే, కాదనను.

వ్యాసం పత్రికకి పంపితే, పేరు చెప్పకుండా తప్పులు పట్టే పరీక్షకుడు ఒకాయన, ఆయన్ని మేం ముసుగాయన అంటాం, "ఇది నమ్మశక్యంగా లేదు, మళ్ళీ కొలవండి" అని రాశాడు. సముద్రాలకి అవతల, దక్షిణాన, ఇంకా పెద్ద టెలిస్కోపు ఉన్నవాళ్ళు మరోలా రాశారు: "మళ్ళీ కొలిచినా నిలబడితే మా దగ్గరికి రండి, రెండేళ్ళు. ఇలాంటి పిసినారులు ఇంకెన్ని ఉన్నాయో ఇక్కడ వెతుకుదాం."

అంటే పిసినారి నిలబడితే చుక్కమ్మ వెళ్తుంది. పడిపోతే ఇంట్లో ఉంటుంది. ఈ రెండు వాక్యాలూ నా బుర్రలో పక్కపక్కనే ఉండేవి. నేను ఏది కోరుకుంటున్నానో చూసుకోవడానికి భయమేసి, స్వెట్టర్లు మడతపెట్టేదాన్ని.

సంచీ జిప్పు వేస్తుండగా ఫోను మోగింది. చుక్కమ్మ విని, పెట్టేసి, నా చేతుల వంక చూసింది.

"టెలిస్కోపు పళ్ళేలకి గాజు తీగలు పెట్టే ప్లేట్ల మేస్త్రి స్నానాల గదిలో జారిపడ్డాడట. కుడి మణికట్టుకి పిండికట్టు. వదినా, నువ్వు ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తావు కదూ?"

"అయితే?"

"నీ సంచీ సర్దుకో."

నాకు సంచీయే లేదు. ఊరందరికీ సర్దినదాన్ని, నా బట్టలు దిండు గలీబులో పెట్టుకుని కొండెక్కాను.

*

ప్లేట్ల గది టెలిస్కోపుకి కింది అంతస్తులో ఉంది. కిటికీ లేదు, నాలుగు ట్యూబులైట్లు, మధ్యలో ఇనపబల్ల. బల్ల మీద బండి చక్రమంత అల్యూమినియం పళ్ళెం. దాని నిండా రంధ్రాలు, ఒక్కో గెలాక్సీకి ఒక్కోటి. ఆకాశంలో అవి ఎక్కడెక్కడ ఉన్నాయో పళ్ళెం మీద అక్కడక్కడే యంత్రంతో తొలిచారు. ఒక్కో రంధ్రంలోకి వెంట్రుకంత గాజు తీగ ఒకటి దూర్చాలి. ఆ తీగ ఆ గెలాక్సీ వెలుగుని మాత్రం పట్టి కింది యంత్రానికి చేరవేస్తుంది. వెలుగుని రంగులుగా విడదీసి ఆక్సిజన్ ఎంతో చెప్పేది ఆ యంత్రం.

మేస్త్రి చేతికి పిండికట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా దిండు గలీబు చూసి కాసేపు ఆలోచించాడు.

"మేడమ్ గారి వదినగారా? రండి అక్కగారూ. ముప్పై రెండేళ్ళుగా ఈ పళ్ళేలకి నేను తప్ప ఎవరూ తీగ పెట్టలేదు. ఇంకో రెండు నెలల్లో నా ఉద్యోగం అయిపోతుంది. ఇప్పుడే విరగాలా ఈ చెయ్యి?"

"చేతులకి క్యాలెండరు తెలీదు మేస్త్రి గారూ."

"తీగ వంచకండి. వంచితే విరుగుతుంది. లాగకండి. లాగినా విరుగుతుంది."

"ముట్టుకోవచ్చా?"

"ముట్టుకోక తప్పదు," అన్నాడు దిగులుగా.

పద్ధతి తేలికే. రంధ్రాలకి ఒకటి నుంచి రెండువందల నలభై దాకా అంకెలు. తీగలకీ అవే అంకెలు. ఎడమ కట్టలోవి ఒకటి నుంచి నూట ఇరవై దాకా, కుడి కట్టలోవి మిగిలినవి. ఏ అంకె తీగ ఆ అంకె రంధ్రంలోకి. ఏ రంధ్రం ఏ గెలాక్సీదో మాకు తెలీదు, ఆ జాబితా చుక్కమ్మ దగ్గర ఉంటుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయింది. మెడ పట్టేసింది గాని ఒక్క తీగా విరగలేదు. మేస్త్రి కుర్చీ అంచున కూర్చుని, నేను పెట్టిన ప్రతి తీగకీ తన ఎడమచెయ్యి గాల్లో కదిలిస్తూ తనే పెడుతున్నంత చెమట పట్టాడు.

తరవాత సరిచూడటం. చుక్కమ్మ కింది గదిలో తీగ రెండో చివర దీపం పెట్టి మైకులో అంకె చెబుతుంది. పళ్ళెంలో ఆ అంకె రంధ్రం వెలిగితే నేను "సరే" అంటాను. మేస్త్రి ఎడమచేత్తో కాగితం మీద టిక్కు పెడతాడు. ఆ టిక్కులు కోడి కెలికినట్టు ఉన్నాయి గాని, రెండువందల నలభై ఉన్నాయి. కాగితం కింది గదికి వెళ్ళిపోయింది. భోజనానికని మేస్త్రి కూడా వెళ్ళాడు.

నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు కనబడ్డాయి ఆ రెండు తీగలు.

రంధ్రాలకి అంకెలు వేసిన యంత్రానికి కుడీ ఎడమా పట్టింపు లేదు. నూట ఇరవయ్యో రంధ్రం కుడి పక్కన, నూట ఇరవై ఒకటోది ఎడమ పక్కన తొలిచింది. దాంతో ఎడమ కట్టలోని ఆఖరి తీగ కుడికి, కుడి కట్టలోని మొదటి తీగ ఎడమకి, కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి, వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. లాగితే విరుగుతుందని మేస్త్రి చెప్పనే చెప్పాడు. రాత్రి ఏ మూడింటికో టక్కున తెగితే? తెగితే తీగకి అవతలున్న గెలాక్సీ గతి ఏమిటి? నేను బయటికి వెళ్ళి తలుపు వేశాను. తలుపు తీసి మళ్ళీ వచ్చాను. రెండింటినీ మెల్లగా ఊడదీసి, ఇది అక్కడ, అది ఇక్కడ పెట్టాను. చిక్కు విడిపోయింది. రెండూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాయి. నేనూ పీల్చుకున్నాను, వెళ్ళి కడుపునిండా తిన్నాను.

ఆ మూడు రాత్రులూ పైన ఏం జరిగిందో నాకు తెలీదు. కింద అతిథిగృహంలో స్వెట్టరు వేసుకుని నిద్రపోయాను. చుక్కమ్మ తీసెయ్యబోయిన స్వెట్టరే.

*

నాలుగో రోజు పొద్దున నేనూ మేస్త్రీ పళ్ళెంలోంచి తీగలు ఊడదీస్తున్నాం. అంటే నేను ఊడదీస్తున్నాను, ఆయన చూస్తున్నాడు. చుక్కమ్మ తలుపు తోసుకుని వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, ఒక కాలికి మేజోడు లేదు.

"నూట ఇరవై ఒకటి. నిలబడింది వదినా. పోయినేడాది అంకె, ఈ ఏడాది అంకె, రెండూ ఒకటే. పిసినారి పిసినారే."

"దొరగారో?" అన్నాను.

"నూట ఇరవయ్యా? ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. దక్షిణం వాళ్ళకి ఉత్తరం రాసి వస్తాను, మీరు కానివ్వండి." నన్ను బుగ్గ మీద ముద్దుపెట్టుకుంది. మేస్త్రి పిండికట్టుని కూడా ముద్దుపెట్టుకుని వెళ్ళింది.

నేను సంతోషంగా ఉన్నట్టు ముఖం పెట్టుకుని తీగలు తీస్తున్నాను. రెండేళ్ళంటే ఎన్ని సంచులు, ఎన్ని జతలు అని లెక్కేసుకుంటున్నాను. మేస్త్రి పళ్ళెం మీదికి వంగాడు.

"అబ్బో. మీకూ మనసొప్పలేదా అక్కగారూ?"

"దేనికి?"

"ఈ రెండూ. నూట ఇరవై, నూట ఇరవై ఒకటి. పోయినేడూ ఇదే పళ్ళెం, ఇదే చిక్కు. పాపం బిగుసుకుని ఉంటే నేనూ ఇలాగే విడదీశాను."

నా చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు విడదీశారు? టిక్కులు పెట్టకముందా, పెట్టాకా?"

"పెట్టాకే. తరవాత కాగితం మీద రాద్దామనే అనుకున్నాను. భోజనం గంట మోగింది..." అంటూ ఆయన కూడా ఆగిపోయాడు.

ఇద్దరం ఆ రెండు తీగల వంక చూశాం. అవి ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. దొరగారి వెలుగు పిసినారి ఖాతాలోకి, పిసినారి వెలుగు దొరగారి ఖాతాలోకి, ఏడాది తేడాతో ఇద్దరు దయామయులు మళ్ళించారు. ఒకే గుంపు, ఒకే దూరం కాబట్టి ఏ యంత్రానికీ అనుమానం రాలేదు. పిసినారి పిసినారీ కాదు, దొర దుబారా కాదు. పిసినారి అందరిలాంటి పేదవాడే. వండినదంతా గాలికి పోయినవాడే.

"అక్కగారూ," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి, "ముందు ఈ రెండూ ఊడదీసేద్దాం. తరవాత ఆలోచిద్దాం." ఎడమచెయ్యి చాచాడు.

నేను ఆ రెండు తీగల మీద నా అరచెయ్యి అడ్డం పెట్టాను. "ఊడదీస్తే ఇక సాక్ష్యం ఉండదు."

"అందుకే అంటున్నా. రెండు నెలలు అక్కగారూ. ముప్పై రెండేళ్ళు మచ్చ లేకుండా చేశాను."

"మచ్చ మీ ఒక్కరిదేనా? సగం నాది. నేను మూడు రోజుల్లోనే సంపాదించాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నాకు కూర్చోవడానికి చోటు లేదు. చెయ్యి తీస్తే ఆయన ఊడదీస్తాడేమోనని అలాగే నిలబడి ఆలోచించాను. నా భయం మచ్చ గురించి కాదు. నిజం చెప్పేస్తే చుక్కమ్మ ఆగిపోతుంది. ఇంట్లోనే ఉంటుంది. నాకు కావలసింది అదే. అలాంటప్పుడు నేను చెప్పేది నిజం కోసమా, నా కోసమా? పోనీ చెప్పకపోతే, నేనెంత త్యాగమూర్తినని మురుస్తూ ఆమెని అబద్ధం మీద ఎక్కించి పంపినట్టు. ఎటు తిరిగినా గుమ్మడికాయల దొంగలా నా భుజాలు నేనే తడుముకుంటున్నాను.

చివరికి ఒక్కటే తోచింది. అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మి నేను చదువు నేర్చుకున్నాను. పొట్లం కాగితం మీద ఉన్నది కూడా నమ్మాను. ఎక్కడో నాలాంటిదెవరో అలమారలోంచి ఆ పత్రిక దించి, చిన్న ఇల్లు కూడా అందర్నీ నిలుపుకోగలదట అని చదువుకుని, అది నమ్మి బతుకుతుంది. నా చేతి చలవ వల్ల.

"చుక్కమ్మా," అని పిలిచాను. ఆ పిలుపు తలుపు దాటలేదు. మైకు మీట నొక్కి మళ్ళీ పిలిచాను. కొండంతా వినబడింది.

ఆమె వచ్చింది. చెప్పాను. మేస్త్రి పోయినేడాది సంగతి తనే చెప్పాడు, నన్ను చెప్పనివ్వలేదు, అది ఆయన పెద్దమనిషితనం. చుక్కమ్మ కిందికి వెళ్ళి నూట ఇరవై ఒకటో తీగకి దీపం పెట్టింది. నూట ఇరవయ్యో రంధ్రం వెలిగింది.

"సరేనా వదినా?" అంది మైకులో.

"సరి కాదమ్మా," అన్నాను.

తిరిగి వచ్చి గ్రాఫు కాగితం ఇనపబల్ల మీద పరిచింది. రబ్బరుతో రెండు చుక్కలు చెరిపింది. పెన్సిలుతో ఒకదాన్ని కింద, ఒకదాన్ని పైన పెట్టింది. రెండూ వెళ్ళి గీత మీద కూర్చున్నాయి, ఆలస్యంగా వచ్చి వెనక బల్ల మీద చేరిన పిల్లల్లా. ఆమె చాలాసేపు చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక కూడా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"ముసుగాయనకి కూడా తట్టలేదు వదినా ఇది. యంత్రాన్ని అనుమానించాడు, వాతావరణాన్ని అనుమానించాడు, నన్ను అనుమానించాడు. ఎవరైనా దయ తలిచి ఉంటారని అనుకోలేదు."

"ఉత్తరం పంపేశావా?"

"సంతకం దగ్గర ఉన్నాను." బల్ల అంచు మీద కూర్చుంది. "పిసినారి లేడన్నమాట."

"లేడు."

"ఎక్కడో ఒకటి ఉంటుందనుకున్నాను," అంది. నేనూ అనుకున్నాను.

*

ఇంటికొచ్చాక ఆమె దక్షిణం వాళ్ళకి వేరే ఉత్తరం రాసింది: పిసినారి లేడు, తప్పు మాదే, ఎలా జరిగిందో ఇదీ, మీ పిలుపుకి కృతజ్ఞతలు, ఇక నేను రానక్కర్లేదు. ఆ ఉత్తరం వెళ్ళిన రోజు నేను ఆమెకి ఇష్టమైనవన్నీ వండాను. ఆమె కంచం వంక చూసి, "ఓదార్పా, పండగా?" అంది. నేను చారు తేవడానికి లోపలికి వెళ్ళి, చారు లేకుండా తిరిగొచ్చాను.

పదకొండు రోజులు నేను హాయిగా నిద్రపోయాను. సిగ్గులేని నిద్ర. పన్నెండో రోజు జవాబు వచ్చింది. ఆమె పైకి చదువుతుంటే నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను, అదొక్కటే నా అదృష్టం. ఆ రెండు చుక్కలూ దిద్దాక ఆమె గీత చుట్టూ చెదిరిన చుక్కలే లేవట. ఇంత బిగువైన గీత ఇంతవరకూ వాళ్ళెవరూ గీయలేకపోయారట. పైగా, తనకి పేరు తెచ్చే తప్పుని తానే బయటపెట్టే మనిషి మాకు పిసినారి కన్నా అరుదు, వెంటనే రండి, అని రాశారు.

"తానొకటి తలిస్తే అంటారే, అలా అయిందా వదినా?" అంది ఉత్తరం మడుస్తూ. ఆమెకి అన్నీ తెలుసు. నా నోట్లో ఎలాగూ నువ్వుగింజ నానదు, ముఖంలో అసలే నానదు.

"వెళ్ళు," అన్నాను. "వెళ్ళకపోతే ఆ నిజం నా కోసమే చెప్పినట్టవుతుంది."

"రెండేళ్ళే."

"నేనేమీ అడగలేదు."

వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో నా పేరూ మేస్త్రి పేరూ ఉన్నాయి, "రెండు తీగల మీద చూపిన శ్రద్ధకు" అని. మేస్త్రి ఆ పేజీకి అద్దం కట్టించుకుని ఉద్యోగం దిగిపోయాడు. శ్రద్ధ ఏమిటని ఎవరైనా అడిగితే, అది శాస్త్ర రహస్యం అంటాడట.

చుక్కమ్మ నవంబరు తొమ్మిదిన, శనివారం పొద్దున ఏడున్నర బండికి వెళ్ళింది. రెండేళ్ళు అయ్యాక ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు, ఉంది. నాలుగో ఏడు మార్చి మూడున అక్కడి ఆసుపత్రిలో పోయింది. అరవై ఏళ్ళు. తిరిగి రాలేదు.